ఫ్రాంక్ వీనెకె: బంగారం గెలిచాడు, ఇరవై నాలుగేళ్లకి ఇంకొకడితో గెలిపించాడు

టటామీ_ప్రసాద్
జూడో అనగానే మనవాళ్లకి జపాన్ గుర్తొస్తుంది, మహా అయితే ఫ్రాన్స్, టెడ్డీ రినేర్. జర్మనీ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నాకు ఈ ఆటలో అందరికంటే ఇష్టమైన మనిషి మాత్రం జర్మనీ వాడే, ఫ్రాంక్ వీనెకె. 1962లో హానోవర్‌లో పుట్టాడు. ఫోక్స్‌వాగన్ కార్లు తయారయ్యే వోల్ఫ్స్‌బుర్గ్ ఊరి క్లబ్బు తరఫున ఆడాడు, దేశం అప్పటి పశ్చిమ జర్మనీ. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో 78 కిలోల్లో బంగారం, 1988 సియోల్‌లో అదే వెయిట్‌లో వెండి, మధ్యలో 1986లో యూరప్ ఛాంపియన్. 2001 నుంచి 2008 దాకా జర్మనీ పురుషుల జట్టుకి చీఫ్ కోచ్. 2008 బీజింగ్‌లో ఓలె బిషోఫ్ 81 కిలోల్లో బంగారం గెలిచినప్పుడు కోచ్ ఈయనే.

తను గెలవడం ఒక ఎత్తు, ఇంకొకడి చేత గెలిపించడం ఇంకో ఎత్తు. రెండూ ఒలింపిక్ బంగారం స్థాయిలో చేసినవాళ్లు ఏ ఆటలోనైనా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. అయినా ఈయన గురించి తెలుగులో నాలుగు ముక్కలు కూడా కనపడవు. తెలిసినవాళ్లు రాయండి, అనుమానాలున్నవాళ్లు అడగండి.

రవి_గుంటూరు
ప్రసాద్ గారూ, మంచి టాపిక్. కానీ ఒక మాట మొహమాటం లేకుండా చెప్తా. 1984 అంటే సోవియట్ కూటమి రాని ఒలింపిక్స్. సోవియట్‌లు లేరు, తూర్పు జర్మనీ లేదు, క్యూబా లేదు. 1980 మాస్కోలో ఇదే 78 కిలోల్లో గెలిచిన షోటా ఖబరేలి సోవియట్ వాడు, ఆయన దేశమే రాలేదు. సగం మంది పెద్దోళ్లు లేని పోటీలో వచ్చిన బంగారాన్ని మిగతా వాటితో సమానంగా ఎలా చూడాలి? వీనెకెని తక్కువ చెయ్యాలని కాదు, నిజంగానే అడుగుతున్నా.

నల్లబెల్టు_శ్రీను
రవీ, ఇది అడగాల్సిన ప్రశ్నే. ఖాళీ పోటీనో కాదో తేలాలంటే ఫైనల్లో ఎదురుగా ఎవరున్నారో చూడాలి. నీల్ ఆడమ్స్, బ్రిటన్. 1980లో 71 కిలోల్లో ఒలింపిక్ వెండి, 1981లో 78 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్, 1983 మాస్కో ప్రపంచ పోటీల్లో వెండి. 1981 ఫైనల్లో జపాన్ వాడిని జుజి-గటమేతో, అంటే మోచేతి లాక్‌తో లొంగదీశాడు. కింద పడ్డాక ఆడమ్స్ చేతికి చిక్కితే ఎవరికైనా కష్టమే, నిలబడి విసరడం ఇంకా కష్టం. లాస్ ఏంజెలిస్‌లో బంగారం ఆయనదే అని అందరూ అనుకున్నారు. అలాంటి మనిషిని ఇరవై రెండేళ్ల వీనెకె ఇప్పన్‌తో, అంటే అక్కడికక్కడే ఆట ముగించే పూర్తి స్కోరుతో, పడేశాడు. పాయింట్ల తేడా కాదు, రెఫరీ నిర్ణయం కాదు, ఇప్పన్. ఆడమ్స్‌ని అలా పడెయ్యగా చూడటం అదే మొదటిసారని జూడో వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకోటి. ఆ ఒలింపిక్స్‌లో మొత్తం ఎనిమిది వెయిట్లలో జపాన్ నాలుగు, కొరియా రెండు తీసుకున్నాయి. యూరప్‌కి దక్కినవి రెండే, ఒకటి ఆస్ట్రియా పీటర్ సైజెన్‌బాఖర్‌ది, రెండోది వీనెకెది. సోవియట్‌లు రాలేదు గానీ జపాన్, కొరియా వచ్చాయిగా.

రవి_గుంటూరు
శ్రీను అన్నా, ఆడమ్స్ పాయింట్ బలంగానే ఉంది. కానీ ఒక్క ఫైనల్లో ఒక్క క్షణం. ఎంతటివాడైనా ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉంటే జూడోలో పడిపోతాడు, ఆ ఆట అందమే అది. దాన్ని పట్టుకుని సోవియట్‌లు ఉన్నా గెలిచేవాడే అని తేల్చలేం కదా.

టటామీ_ప్రసాద్
తేల్చడానికి సియోల్ ఉంది కదా రవి గారూ! 1988లో సోవియట్ వచ్చింది, తూర్పు జర్మనీ వచ్చింది, జపాన్, కొరియా, ఫ్రాన్స్ అందరూ వచ్చారు. అదే 78 కిలోలు. వీనెకె మళ్లీ ఫైనల్‌కి వచ్చాడు. పోలండ్ వాల్డెమార్ లెగ్యెన్ చేతిలో ఓడాడు, నిజమే. ఆ లెగ్యెన్ సామాన్యుడు కాదు, నాలుగేళ్ల తర్వాత బార్సిలోనాలో 86 కిలోల్లో కూడా బంగారం కొట్టాడు, రెండు వేర్వేరు వెయిట్లలో.

ఇక కంచు పతకాలు ఎవరివో చూడండి. ఒకటి సోవియట్ బషీర్ వరాయెవ్, ఇంకోటి తూర్పు జర్మనీ టోర్‌స్టెన్ బ్రెషో. 1984కి ఏ రెండు దేశాలు రాలేదని మీరు అంటున్నారో సరిగ్గా ఆ రెండు దేశాల వాళ్లే వీనెకె కంటే కింద మెట్టు మీద నిలబడ్డారు. లాస్ ఏంజెలిస్ బంగారం చవగ్గా వచ్చిందేమో అన్నవాళ్లకి వీనెకె సియోల్‌లో మ్యాట్ మీదే జవాబిచ్చాడు. నాకైతే ఆయన కెరీర్‌లో అన్నిటికంటే విలువైనది ఆ వెండే.

ఆ పోడియం ఒకసారి ఊహించుకోండి. ఇద్దరు జర్మన్లు, రెండు జెండాలు. రెండింటిలోనూ అవే నలుపు, ఎరుపు, బంగారు చారలు, ఒకదాని మధ్యలో మాత్రం సుత్తీ, వృత్తలేఖినీ ఉన్న గుర్తు. వచ్చే ఏడాదికి బెర్లిన్ గోడ పడిపోయింది, రెండేళ్లకి దేశం ఒకటైంది. ఒలింపిక్ జూడోలో ఆ రెండు దేశాలూ విడివిడిగా దిగడం అదే ఆఖరు.

మూర్తి_పీఈటీ
ప్రసాదు చెప్పినదానికి కాస్త వెనక్కి వెళ్లి ఒక మాట. 1980 మాస్కోకి పశ్చిమ జర్మనీ వెళ్లలేదు, అమెరికా పిలుపుతో ఆగిపోయిన దేశాల్లో అదీ ఉంది. ఆ ఏడు తూర్పు జర్మనీ డీట్మార్ లోరెంట్స్ బరువు పరిమితి లేని ఓపెన్ విభాగంలో బంగారం గెలిచాడు. పశ్చిమ వైపు క్లాస్ గ్లాన్ 1972 మ్యూనిక్‌లో వెండి, గుంథర్ నాయ్‌రాయ్టర్ 1976లో వెండి, అక్కడే ఆగింది. పశ్చిమ జర్మనీకి జూడోలో మొదటి ఒలింపిక్ బంగారం వీనెకెదే. రాజకీయం వల్ల ఒకసారి వీళ్లు నష్టపోయారు, ఇంకోసారి వాళ్లు నష్టపోయారు. ఆటగాడు ఏం చేస్తాడు పాపం, పిలిచిన రోజు వెళ్లి ఎదురొచ్చినవాడితో ఆడతాడు.

నేను స్కూల్లో పీఈటీగా చేసి రిటైర్ అయ్యాను. జూడో నేర్పలేదు, కబడ్డీ, ఖోఖో నేర్పాను. నాకు తెలుసుకోవాలని ఉన్నది ఆయన ఆట గురించి కాదు, కోచింగ్ గురించి. గొప్ప ఆటగాళ్లు చాలామంది కోచ్‌లుగా తేలిపోతారు. ఈయన ఎందుకు తేలిపోలేదు?

స్వాతి_వైజాగ్
మూర్తి మాష్టారూ, నాదీ అదే ప్రశ్న. తనకి సహజంగా వచ్చేసిన పట్టు ఎలా వచ్చిందో ఛాంపియన్‌కే తెలియదు, ఇక పక్కవాడికి ఏం చెప్తాడు? నేను స్విమ్మింగ్ నేర్చుకున్నప్పుడు మా సార్ మంచి ఈతగాడే, కానీ నీళ్లలోకి దూకి "ఇలా చెయ్" అనేవాడు. ఆ "ఇలా" ఏంటో నాకు చివరిదాకా అర్థం కాలేదు.

నల్లబెల్టు_శ్రీను
స్వాతి గారు సరైన చోట పట్టుకున్నారు. జూడోలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఎలాగంటే, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి జూడోగి (జూడో కోటు) ఒకరు పట్టుకుంటారు. ఇద్దరూ కుడిచేతి వాటం వాళ్లయితే దాన్ని ఆయ్-యొత్సు అంటారు, ఒకడు కుడి ఒకడు ఎడమ అయితే కెంకా-యొత్సు. ఈ రెండింటిలో ఆట పూర్తిగా మారిపోతుంది. కాలర్ మీద ఎవరి చెయ్యి లోపల, ఎవరి చెయ్యి బయట, స్లీవ్ ముందు దొరికింది ఎవరికి, అడుగు ఎటు పడింది, అన్నీ రెండు సెకన్లలో తేలిపోతాయి. ఛాంపియన్ ఒంటికి అది అలవాటైపోయి ఉంటుంది, ఆలోచించడు. కోచ్ అయ్యాక దాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి, తనకంటే పొడుగ్గానో పొట్టిగానో ఉన్నవాడికి, తన వాటం కానివాడికి సరిపోయేలా మళ్లీ కట్టాలి. తన ఆటని శిష్యుడి మీద రుద్దితే పని అవ్వదు.

పైగా పోటీ మధ్యలో కోచ్ చెయ్యగలిగింది చాలా తక్కువ. ఇప్పుడున్న రూల్ ప్రకారం రెఫరీ "మత్తే" అని ఆపినప్పుడే కోచ్ నోరు విప్పాలి, ఆట నడుస్తుండగా అరిస్తే కుర్చీలోంచి పంపేస్తారు. ఆ కొన్ని సెకన్లలో ఒక్క మాట చెప్పాలి. మిగతాదంతా నెలల ముందే రాండోరిలో (సాధన కోసం ఆడే బౌట్లు), ఉచికోమిలో (విసిరే కదలికని మళ్లీ మళ్లీ సాధన చెయ్యడం) అయిపోయి ఉండాలి.

టటామీ_ప్రసాద్
శ్రీను చెప్పినదానికి వీనెకె హయాంలోనే ఉదాహరణ ఉంది. ఆయన చీఫ్ కోచ్‌గా ఉన్నప్పుడు జర్మనీకి 81 కిలోల్లో ఇద్దరు గట్టివాళ్లు, ఫ్లోరియాన్ వాన్నర్, ఓలె బిషోఫ్. (మన 78 కిలోలే 1990ల చివర్లో 81 అయ్యాయి, అంటే వీనెకె సొంత వెయిట్.) వాన్నర్ 2003 ఒసాకాలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఒలింపిక్స్‌కి ఒక దేశం నుంచి ఒక వెయిట్‌లో ఒక్కరే వెళ్లాలి. 2004 ఏథెన్స్‌కి వాన్నర్ వెళ్లాడు, పతకం రాలేదు. జర్మనీ మగవాళ్లకి ఆ ఏడు దక్కింది 100 కిలోల్లో మిఖాయెల్ యురాక్ కంచు ఒక్కటే.

ఇరవై అయిదేళ్ల వయసులో, సొంత దేశంలోనే తన వెయిట్‌లో ప్రపంచ ఛాంపియన్ ఉండగా బిషోఫ్ అప్పుడు ఆట మానేసినా ఎవరూ అడిగేవాళ్లు కాదు. మానలేదు. మరుసటి ఏడే, 2005లో, యూరప్ ఛాంపియన్ అయ్యాడు. 2008లో బీజింగ్. ఆ వెయిట్‌లో బ్రెజిల్ టియాగో కమీలో ఉన్నాడు, అంతకుముందు ఏడాదే రియోలో ప్రపంచ ఛాంపియన్. ఏథెన్స్‌లో వెండి గెలిచిన ఉక్రెయిన్ రోమన్ గొంట్యుక్ ఉన్నాడు. ఆ ఇద్దరికీ చివరికి కంచే దక్కింది. ఫైనల్లో కొరియా కిమ్ జే బుమ్‌ని ఓడించి బిషోఫ్ బంగారం పట్టుకున్నాడు.

మ్యాట్ పక్కన నిలబడ్డ కోచ్ సరిగ్గా ఇరవై నాలుగేళ్ల కింద అదే వెయిట్ తరగతిలో గెలిచినవాడు. రెండో స్థానంలో ఉన్న కుర్రాణ్ణి వదిలెయ్యకుండా నాలుగేళ్లు పట్టుకుని ఉండటమే వీనెకె చేసిన అసలు పని అని నా నమ్మకం. పైకి కనపడేది ఫైనలే, కానీ కోచ్ పరీక్ష ఏథెన్స్ నుంచి ఇంటికొచ్చిన మర్నాడు మొదలవుతుంది.

రవి_గుంటూరు
ఇది నాకు బాగా నచ్చింది. మరి 2012లో బిషోఫ్ ఏమయ్యాడు?

నల్లబెల్టు_శ్రీను
లండన్‌లో మళ్లీ ఫైనల్‌కి వచ్చాడు, మళ్లీ ఎదురుగా కిమ్ జే బుమ్. ఈసారి కిమ్ గెలిచాడు, బిషోఫ్‌కి వెండి. ఆ ఏడే రిటైర్ అయ్యాడు. గురువుకీ శిష్యుడికీ ఒకటే లెక్క, మొదట బంగారం, తర్వాత వెండి, ఒకే వెయిట్ తరగతి. కాకపోతే లండన్‌కి చీఫ్ కోచ్ వీనెకె కాదు, డెట్లెఫ్ ఉల్ట్ష్. ఆయన తూర్పు జర్మనీ తరఫున 1979లో, 1983లో ప్రపంచ ఛాంపియన్. పశ్చిమ ఛాంపియన్ తయారుచేసినవాణ్ణి తూర్పు ఛాంపియన్ అందుకున్నాడు. ఒకే జట్టుగా కలవడమంటే ఇదే కదా.

కొలోన్_తెలుగమ్మాయి
ఆలస్యంగా చూశాను, కానీ ఇది చదివాక ఊరుకోలేకపోయాను. మేముండేది కొలోన్‌లోనే. వీనెకె గారు చీఫ్ కోచ్ పదవి అయ్యాక వచ్చింది మా ఊళ్లో ఉన్న ట్రైనర్ అకాడమీకి, కోచ్‌లకి పాఠాలు చెప్పడానికి. ఆ సంస్థ 1974 నుంచి ఉంది. జూడో ఒక్కటే కాదు, రకరకాల ఆటల కోచ్‌లు అక్కడ చదువుకుని డిప్లొమా తీసుకుంటారు. పక్కనే స్పోర్ట్స్ యూనివర్సిటీ కూడా ఉంది.

మూర్తి మాష్టారు అడిగిన "ఎందుకు తేలిపోలేదు" అన్నదానికి ఇక్కడ ఉంటే సగం జవాబు కంటికి కనపడుతుంది. కోచింగ్‌ని వీళ్లు ఆటకి కొనసాగింపు అనుకోరు, వేరే వృత్తి అనుకుంటారు. మా బాబు వెళ్లే క్లబ్బు చాలా చిన్నది, స్కూల్ జిమ్‌లో వారానికి రెండు సాయంత్రాలు. అక్కడ పిల్లలకి నేర్పే ఆవిడ పగలు ఫార్మసీలో పనిచేస్తుంది. ఆవిడకి కూడా సీ-లైసెన్స్, అంటే కోచింగ్‌లో మొదటి మెట్టు లైసెన్స్, ఉంది, అది సుమారు 120 పీరియడ్ల కోర్సు. దాని పైన బీ, దాని పైన ఏ, అన్నిటికంటే పైన ఈ అకాడమీ డిప్లొమా.

మొదటి క్లాసుల్లో ఏం నేర్పారో చెప్తే మీరు నమ్మరు. పడటం. కేవలం పడటం. పిల్లలందరూ వెల్లకిలా పడుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, రెండు చేతులూ ఒకేసారి మ్యాట్ మీద చప్పుడొచ్చేలా కొట్టాలి. తర్వాత గొంతుక్కూర్చుని అదే, తర్వాత నిలబడి అదే. మా వాడు ఇంట్లో సోఫా మీంచి కూడా అలాగే పడుతున్నాడు, కింద ఫ్లాట్ వాళ్లు వచ్చి అడిగారు. ఎవరినీ విసరకముందే ఎలా పడాలో వచ్చెయ్యాలి అని ఆవిడ పేరెంట్స్‌కి చెప్పింది. తెల్ల బెల్టు నుంచి తెలుపు-పసుపు, పసుపు, అలా ఒక్కో మెట్టూ ఎక్కాలి.

మూర్తి_పీఈటీ
తల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు మనసులో గుచ్చుకున్నది ఇదే. మన దగ్గర పాటియాలాలో 1961 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, కోచింగ్ డిప్లొమా ఇస్తుంది, మంచి కోచ్‌లు అక్కణ్ణుంచి వచ్చారు. కానీ కింది మెట్లు ఏవీ? జిల్లాలో సాయంత్రం పూట పిల్లలకి నేర్పాలనుకునే మనిషికి నాలుగు వారాంతాల్లో పూర్తిచేసే కోర్సు దగ్గర్లో ఎక్కడుంది? నేను ఒకచోట జూడో మ్యాట్లు అడిగితే పాత జిమ్నాస్టిక్స్ పరుపులు ఇచ్చారు, వాటి మధ్య సందుల్లో పిల్లల కాళ్లు ఇరుక్కునేవి. చివరికి జూడో ఆలోచనే మానుకున్నాం. పిల్లలకి ఆసక్తి లేక కాదు.

స్వాతి_వైజాగ్
మాష్టారూ చాలా బాధగా ఉంది చదువుతుంటే. మొన్న 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో సుశీలా దేవి, తూలికా మాన్ వెండి పతకాలు తెచ్చారు, ఇద్దరూ ఆడవాళ్లే. పట్టించుకుంటే వస్తాయి అనడానికి అదే రుజువు.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, జర్మనీలో ఆడవాళ్లలో ఇలా గెలిచి కోచ్ అయినవాళ్లు ఉన్నారా? ఇంతసేపూ అందరూ మగవాళ్ల గురించే రాశారు.

టటామీ_ప్రసాద్
ఉన్నారు స్వాతి గారూ, ఆవిడ గురించి వేరే థ్రెడ్ పెట్టాలి అసలు. ఇవోన్ బ్యోనిష్. 1980లో లుడ్విగ్స్‌ఫెల్డెలో పుట్టింది, పోట్స్‌డామ్ క్లబ్బు. 2003 ప్రపంచ పోటీల్లో 57 కిలోల ఫైనల్లో ఉత్తర కొరియా క్యే సున్ హుయ్ చేతిలో ఓడింది. ఈ క్యే ఎవరంటే, 1996 అట్లాంటాలో పదహారేళ్ల వయసులో జపాన్ దేవత లాంటి ర్యోకో తమురాని ఫైనల్లో ఓడించిన పిల్ల. మరుసటి ఏడు 2004 ఏథెన్స్ ఫైనల్లో మళ్లీ అదే క్యే ఎదురొచ్చింది, ఈసారి బ్యోనిష్ గెలిచింది. ఒలింపిక్ జూడోలో బంగారం తెచ్చిన మొదటి జర్మన్ మహిళ. ఆడవాళ్ల జూడోకి ఒలింపిక్స్‌లో పతకాలు ఇవ్వడం మొదలైందే 1992లో అని గుర్తుపెట్టుకోండి.

2021 మొదట్లో ఆస్ట్రియా జట్టుకి చీఫ్ కోచ్‌గా వెళ్లింది. ఆడవాళ్ల జట్టుకే కాదు, మగవాళ్లకి కూడా. ఆ ఏడే టోక్యోలో మిఖాయెలా పొల్లెరెస్ 70 కిలోల్లో వెండి, షమిల్ బోర్చాష్విలీ 81 కిలోల్లో కంచు. పొల్లెరెస్ 2024 పారిస్‌లో మళ్లీ కంచు తెచ్చింది.

కొలోన్_తెలుగమ్మాయి
మగవాళ్ల జట్టుకి కూడా ఆడమనిషి చీఫ్ కోచ్ అన్నది చిన్న విషయం కాదండీ. జూడోలో పెద్ద పోటీల్లో మ్యాట్ పక్కన కుర్చీల్లో ఇప్పటికీ ఎక్కువగా కనపడేది మగవాళ్లే. మా బాబు క్లాసులో సగం మంది ఆడపిల్లలు, నేర్పేది ఆవిడే. కింద సగం ఉన్నవాళ్లు పైకెళ్లేసరికి ఎందుకు తగ్గిపోతున్నారో ఇక్కడివాళ్లు కూడా ఆలోచించాలి.

రవి_గుంటూరు
నా మొదటి ప్రశ్నకి వస్తా. 1984 గురించి నా అభిప్రాయం పూర్తిగా మారిందనను, ఖబరేలి లాంటివాళ్లు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కానీ సియోల్ వెండి గురించి ప్రసాద్ గారు చెప్పింది కాదనలేను. ఇంకో అనుమానం. అప్పటికీ ఇప్పటికీ రూల్స్ చాలా మారాయి కదా, వీనెకె కాలం ఆట చూసి ఇప్పటి పిల్లలు నేర్చుకోవడానికి ఏమైనా ఉంటుందా?

నల్లబెల్టు_శ్రీను
మారాయి. కోకా అనే అన్నిటికంటే చిన్న స్కోరు బీజింగ్ తర్వాత తీసేశారు. 2010 నుంచి చేతులతో కాళ్లు పట్టుకుని పడేసే పద్ధతుల మీద ఆంక్షలు మొదలయ్యాయి, 2013కల్లా దాదాపు పూర్తిగా ఆపేశారు. మగవాళ్ల బౌట్ అయిదు నిమిషాల నుంచి నాలుగుకి తగ్గింది. కానీ ఇప్పన్ ఇప్పన్‌గానే ఉంది. పట్టు, బ్యాలెన్స్ తప్పించడం, లోపలికి దూరడం, పడెయ్యడం, ఈ వరసలో తేడా రాలేదు. పాత ఫైనల్స్ చూసేటప్పుడు విసిరిన క్షణం కాకుండా దానికి ముందు పది సెకన్లు చూడు. చేతులు చూడకు, పాదాలు చూడు. ఆడమ్స్ మీద వీనెకె గెలిచిన బౌట్ అలాగే చూడాలి. ఆ ఆడమ్స్ గొంతు ఇప్పుడు అంతర్జాతీయ టోర్నీల ఇంగ్లీష్ కామెంటరీలో వినపడుతుంది. పడేసినవాడు కోచ్‌లకి పాఠాలు చెప్తున్నాడు, పడినవాడు ప్రపంచానికి ఆట వివరిస్తున్నాడు.

మూర్తి_పీఈటీ
కొలోన్ అమ్మాయీ, ఒక సాయం. ఆ సీ-లైసెన్స్ కోర్సులో ఏమేం పాఠాలుంటాయో, పిల్లల వయసుని బట్టి ఏం నేర్పాలంటారో మీ బాబు క్లాసు చెప్పే ఆవిడని అడిగి ఇక్కడ రాయగలవా? మా ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లున్నారు, యూనివర్సిటీ స్థాయిలో జూడో ఆడారు, ఖాళీగా ఉన్నారు. మ్యాట్ల సంగతి నేను చూసుకుంటా, ఈసారి పరుపులకి ఒప్పుకోను.

కొలోన్_తెలుగమ్మాయి
తప్పకుండా మాష్టారూ. గురువారం క్లాసుంది, అడిగి తెలుగులో రాసి పెడతాను. పడటం నేర్పే వరస మాత్రం ఫోటోలు తీసి పంపుతా, అది రాస్తే అర్థం కాదు.